పదిహేడో నంబరు బ్యాటరీ

"పది నిమిషాలు ఇస్తున్న. పదకొండో నిమిషం నాది," అన్నాడు సీఐ భానుప్రసాద్, గోడ గడియారం వైపు గడ్డం ఎగరేసి.

గడియారం పదకొండు నలభై చూపిస్తోంది. డిటెక్టివ్ ముత్తన్న లాకప్ ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్ట్‌మెంటులో స్తంభాలెక్కి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, నిజామాబాద్‌లో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషి. ఆ బోర్డు చూసి పగలబడి నవ్వినవాళ్ళలో భానుప్రసాద్ మొదటివాడు. రెండేళ్ళ కింద ఒక ట్రాన్స్‌ఫార్మర్ దొంగతనంలో పోలీసులు ఒకణ్ణి పట్టుకుంటే ముత్తన్న ఇంకొకణ్ణి చూపించాడు. ముత్తన్న చూపించినవాడే దొంగ. సీఐ అప్పట్నుంచి నవ్వడం మానేశాడు. పళ్ళు మాత్రం ఇంకా నూరుతూనే ఉన్నాడు.

కేసు పైకి చూస్తే చిన్నదే. బోధన్ రోడ్డు మీద, చెరుకు చేలను ఆనుకుని, ఎలక్ట్రిక్ మోటార్ సైకిళ్ళకు బ్యాటరీలు మార్చుకునే స్టేషన్ ఒకటుంది. అయిపోయిన బ్యాటరీని ఒక అరలో పెట్టాలి, నిండిన బ్యాటరీని ఇంకో అరలోంచి తీసుకుని పోవాలి. రెండు నిమిషాల పని. ఆ స్టేషన్‌ను డిజైన్ చేసిన నితీష్, ఇరవై ఏడేళ్ళవాడు, మొన్న పొద్దున దాని ముందే షాకుతో చచ్చిపడి ఉన్నాడు. ఆరుంబావుకు డ్యూటీకొచ్చి శవాన్ని మొదట చూసింది అక్కడి ఆపరేటర్ శ్రీధర్. నిన్న సాయంత్రం నాలుగింటికి అరెస్టయిందీ శ్రీధరే. ఈ రోజు నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి హత్య కేసులో రిమాండు అడుగుతారు.

విచిత్రమేమంటే ముత్తన్నను పిలిపించింది శ్రీధర్ మనుషులు కాదు, చనిపోయినవాడి తండ్రి భోజన్న. కొడుకు చితి ఇంకా ఆరకముందే ఫోను చేశాడు. "శ్రీధర్ గాదు ముత్తన్నా. వాడు నా ఇంట్ల తిని పెరిగిండు. నా కొడుకును ఎవలు చంపిండ్రో నాకు పేరు గావాలె. నాకు ఇంకేం వద్దు. పేరు."

ఊచల వెనక శ్రీధర్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు.

"నితీష్ సచ్చిపోయే ముందురోజు ఐదింటికి నీతోని లొల్లి పెట్టుకున్నడు. పది మంది సూసిండ్రు. దేని గురించి?" అన్నాడు ముత్తన్న.

"బ్యాటరీ గురించి అన్నా. పదిహేడో నంబరు."

"నీ మెయింటెనెన్స్ కార్డు మీద నలభై రోజుల సంది పొద్దుమూకంగనే పదిహేడు బయటికి పోయింది, తెల్లారంగనే లోపటికొచ్చింది. ఎవలకిచ్చినవు?"

శ్రీధర్ తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"మీ అవ్వ తిరుపతమ్మ పొద్దుటి సంది భోజన్న వాకిట్ల కూసున్నది. మంచినీళ్ళు ముట్టలేదట. నాలుగు దాటితె నువ్వు జైలుకు పోతవు. అప్పుడు భోజన్న గూడ నిన్ను బయటికి తియ్యలేడు. ఎవలకిచ్చినవు శ్రీధర్?"

"గది చెప్తె ఏమొస్తది అన్నా? బ్యాటరీ ఇచ్చుడు వేరే, మనిషిని చంపుడు వేరే."

"వేరేనో కాదో నేను సూస్త."

శ్రీధర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాపుకిచ్చిన. భోజన్న బాపుకు. మందు కొట్టే పంపుకని అడిగిండు. నితీష్‌కు చెప్పకు, వానికి కోపమొస్తదన్నడు. కొడుకు పోయిన మనిషి మీద గీ ముచ్చట నేను ఏ నోటితోని చెప్పాలె?"

ముత్తన్న స్టూలు ముందుకు జరుపుకున్నాడు. చెరుకు చేలో రాత్రంతా మందు కొట్టేవాడు ఎవడుంటాడు?

"మొన్న పొద్దుగాల పదిహేడు వాపస్ వచ్చిందా?"

"రాలె. నేను శవాన్ని సూసినంక ఇగ ఏం సూడలె అన్నా."

"టైమ్!" అన్నాడు భానుప్రసాద్ వెనక నుంచి. చేతిలో ఫోటోల కవరుంది. దాచుకోకపోగా తనే టేబుల్ మీద పరిచాడు. గెలిచానన్న ధీమా ఉన్నవాడు ఏదీ దాచుకోడు. "సూస్కో డిటెక్టివ్ సాబ్. స్టేషన్ ముంగట శవం. స్టేషన్‌కు ఎర్తు తీగ ఊడి ఉన్నది. లొల్లి అయింది, పొద్దుగాల మనిషి పోయిండు. ఇంకేం గావాలె నీకు?"

ముత్తన్న ఫోటోల మీదికి వంగాడు. ఒకటి చూసి, పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు.

"ప్యాంటు మోకాళ్ళ దాకా ఎందుకు మడిచిండు సార్?"

"ఏమో. ఉక్కపోసిందేమో."

"నవంబర్ల, తెల్లారుజామున? సరే. కాలిన గాయం రెండు కాళ్ళకు ముందు దిక్కు, పిక్కల కాడ, అడ్డంగ గీత గీసినట్టున్నది. స్టేషన్ ఇనుప డబ్బాను తాకితె చేతులు కాలాలె గాని కాళ్ళెందుకు కాలుతయి? ఇగో, అంగీ ఎనుక గీ పసుపు ఏంది?"

"స్టేషన్‌కు పూజ చేస్తరు. బొట్లు పెడ్తరు. అంటుకున్నది." భానుప్రసాద్ ఫోటోలు లాక్కున్నాడు. "ప్రతి దాన్ల కథలు సూడకు ముత్తన్నా. పో, పొయ్యి నీ తీగలు నువ్వు పీక్కో."

పన్నెండు ముప్పైకి ముత్తన్న స్టేషన్ దగ్గరున్నాడు. నితీష్‌తో కలిసి దాన్ని డిజైన్ చేసిన ఇంజనీరు నిరోష ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఆ పిల్ల నిద్రపోలేదని ఎవరికైనా తెలుస్తుంది.

మనిషెత్తు బీరువాల్లాంటి నాలుగు ఇనుప డబ్బాలు పక్కపక్కన బిగించి ఉన్నాయి. ఒక్కోదానికి నాలుగు అరలు. ఒక డబ్బా పాడైతే దాన్ని మాత్రమే విప్పి ఆటోలో వేసుకుపోవచ్చు, మిగతా మూడూ పని చేస్తూనే ఉంటాయి. గిరాకీ పెరిగితే ఐదో డబ్బా తగిలించవచ్చు. ఆ ఆలోచన నితీష్‌ది, లెక్కలు నిరోషవి.

"పదకొండు ఊళ్ళల్ల పెడ్దామనుకున్నం సార్. జక్రాన్‌పల్లిల జాగ గూడ మాట్లాడినం," అంది నిరోష. "ఇగ ఎవలు పెట్టనిస్తరు? పిల్లగాన్ని చంపిన డబ్బా అంటున్నరు దీన్ని."

"అది చంపిందో లేదో అదే చెప్తది బిడ్డా. మొన్న తెల్లారి నాలుగు నుంచి ఏడు దాకా ఏమేం జరిగిందో చదువు."

ఆమె వేలు తెర మీద కదిలింది. "కరెంటు బాడీకి లీకైతె మెయిన్ స్విచ్ దానంతటదే పడిపోవాలె. పడలె. ఒక్క అర గూడ చార్జింగ్ ఆపలె. ఐదు ముప్పై ఒకటికి నాలుగో అర తెరుసుకున్నది. కార్డు బంటిది, పాలు పోస్తడు. ఆరు పదిహేడుకు శ్రీధర్ కార్డు. గంతే సార్."

"ఐదు ముప్పై ఒకటికి ఒక మనిషి గీడ నిలవడి బ్యాటరీ మార్చుకున్నడన్నట్టు. వాని నంబరియ్యి."

బంటి మూడో రింగుకు ఎత్తాడు. విషయం వినగానే భయపడిపోయాడు. "నేనేం తప్పు జెయ్యలె అన్నా! పాత దాన్ల ఇంక పది శాతం ఉండె, అయినా మార్చిన, గది నిజమే..."

"అరె, నీ పది శాతం ఎవనికి గావాలెరా! ఆడ కింద మనిషి పడున్నడా లేడా?"

"మనిషి పడుంటె నేను పాలు పోసుకుంట పోతనా అన్నా? నితీష్ సార్ బండి ఉండె. సార్ లేడు. ఒంటికి పోయిండేమో అనుకొని రెండు మాట్ల హారన్ గొట్టిన. పలకలె. ఎనుక చెరుకుల గుడిసె కాడ పచ్చ లైటు కనవడ్డది, ఆడికి పోయిండేమో అనుకున్న."

"పోలీసోళ్ళకు చెప్పినవా?"

"ఎవలడిగిండ్రు?"

ముత్తన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఐదు ముప్పై ఒకటికి శవం ఇక్కడ లేదు. ఆరుంబావుకు ఉంది. చచ్చినవాడు నడిచి రాలేడు గదా. ఎవరో తెచ్చి పడుకోబెట్టారు, నలభై నాలుగు నిమిషాల లోపల.

"పదిహేడే ఎందుకు బిడ్డా? ఇన్ని బ్యాటరీలుండంగ రోజూ అదే ఎందుకు?"

నిరోష తల దించుకుంది. "మిగిలిన వాటికి తాళం ఉంటది సార్. బండికో స్టేషన్‌కో తగిలిస్తెనే కరెంటిస్తయి. వేరే దేనికి పెట్టినా ఇయ్యవు. పదిహేడుకు తాళం లేదు. అది మా మొదటి బ్యాటరీ, టెస్టింగ్ కోసం చేసినం. మెయింటెనెన్స్ కార్డుకు అదే వస్తది. దాన్ని తీసేద్దాం అని నెలనెలా అనుకున్నం." ఆమె ల్యాప్‌టాప్ మూసింది. "ముందురోజు రాత్రి ఫోన్ల చెప్పిండు. పొద్దున్నే ముందుగాల పోయి, పదిహేడును ఎవలు తెచ్చి పెడ్తరో కాపలా కాసి పట్టుకుంట అన్నడు. నేను నవ్విన సార్. పెద్ద పోలీసువు అన్న."

జీపు వచ్చి ఆగింది. భానుప్రసాద్ దిగి, అడగకుండానే స్టేషన్ వెనక్కి తిరిగి, ఊడి వేలాడుతున్న ఎర్తు తీగను లాఠీతో చూపించాడు. "నేను చెప్పలే? గిది ఊడాలంటె స్పానర్ గావాలె. స్పానర్ శ్రీధర్ పనిముట్ల డబ్బాల దొరికింది."

ముత్తన్న గొంతుకూర్చుని నట్టును వేళ్ళతో తిప్పాడు. చేతికి ఎర్రగా తుప్పు అంటింది. దాన్ని సీఐ ముక్కు దగ్గర పెట్టాడు. "మొన్న ఊడదీస్తె నట్టు లోపట తెల్లగ ఉండాలె సార్. గీ తుప్పు వానకాలంది. బిగించుడు మరిచిపోయిండ్రు. తప్పే, కాదంటలేను. కాని గీ తప్పు ఎవన్నీ చంపలె. ఐదున్నరకు శవం గీడ లేదు. పాలోన్ని అడుగు."

"పాలోడు, తుప్పు, పసుపు!" భానుప్రసాద్ గొంతు లేచింది. "నేను పోయి మేజిస్ట్రేటుకు తుప్పు చూపెట్టాల్నా? ఒక తండ్రి కొడుకును కాలబెట్టిండు నిన్న. ఊరంతా నా స్టేషన్ ముంగట ఉన్నది. పేరు చెప్పు. శ్రీధర్ గాకపోతె ఎవలు?"

"ఇంక తెల్వది."

"తెల్వనప్పుడు నోరు మూసుకోవాలె." సీఐ జీపెక్కబోయి ఆగాడు. ఎంత కోపమున్నా అతను అన్యాయస్తుడు కాదు. అదే అతనితో ఉన్న చిక్కు. పూర్తిగా తిట్టుకోవడానికి కూడా వీలివ్వడు. "సూడు. పదిహేడో నంబరు దొరకవట్టు. దాన్ని ఎవలు వాడిండ్రో ఆల్ల సంతకంతోని కాగితం తే. నాలుగు లోపట వస్తె రిమాండు రిపోర్టు నా చేతులతోనే చింపేస్త. నాలుగు దాటిందంటె నా చేతుల ఏం ఉండది, నీ చేతుల అసలే ఉండది."

జీపు పోయింది. ఒంటిగంటా యాభై.

పచ్చ లైటు కనిపించిన గుడిసె స్టేషన్ వెనక నలభై అడుగుల దూరంలో, భోజన్న చెరుకు చేను గట్టు మీద ఉంది. గట్టు దిగగానే ముత్తన్న కాలు బురదలో మడమ దాకా దిగబడింది. నిజాంసాగర్ కాలువ నీళ్ళు. ఈ చేనుకు వంతు వచ్చింది మూడు రోజుల కింద. అంటే ఆ తెల్లవారి ఇక్కడ నేలంతా తడి. అందుకే నితీష్ ప్యాంటు మడుచుకున్నాడు. ముత్తన్నకు ఇక ముందుకు నడవాలనిపించలేదు. అయినా నడిచాడు.

చేను చుట్టూ మోకాలెత్తు గూటాలు పాతి ఉన్నాయి. ప్రతి గూటానికీ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. తీగ మాత్రం లేదు. ఎవరో చుట్టి దాచేశారు. కానీ ట్యూబుల మీద తీగ ఒరుసుకున్న గాట్లు అలాగే ఉన్నాయి. గుడిసె పక్కన ఎర్తు కోసం భూమిలోకి దిగ్గొట్టిన ఇనుప చువ్వ ఒకటుంది.

"పందుల కంచె," అన్నాడు ముత్తన్న.

గుడిసె తలుపుకు గొళ్ళెమే తప్ప తాళం లేదు. లోపల పాత ఇన్వర్టర్, దాని మీద చిన్న పచ్చ బల్బు. దాని పక్కన గోనెసంచి కప్పి ఉంది. నిరోష సంచి లాగింది. పసుపు రంగు పెయింటుతో 17 అని రాసి ఉంది. మూల ఒకచోట చాప వెడల్పున మట్టి మీద దుమ్ము లేదు. అక్కడ మడత పెట్టి ఉండాల్సిన పెద్ద వస్తువేదో లేదు.

"స్టేషన్‌ల పెట్టకపోతె దీని లెక్క మనకు కనవడది," అంటూ నిరోష వైరు తగిలించింది. "కాని లోపట రాసుకుంటనే ఉంటది. ఏ నిమిషం ఎంత కరెంటు పోయిందో మొత్తం."

తెర మీద ఒక గీత వచ్చింది. సాయంత్రం ఆరు పది నుంచి సన్నగా, నేరుగా, ఎక్కడా వంకర లేకుండా. బండి నడిస్తే గీత ఎగిరెగిరి పడుతుంది. ఇది కదలకుండా ఒకచోట కూర్చున్న గీత. ఐదు గంటల ఎనిమిది నిమిషాల దగ్గర మాత్రం చిన్న మెట్టెక్కింది. ఎక్కి, అక్కడే నిలబడింది.

నిరోష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సార్..."

"చెప్పు."

"అప్పటిదాక ఇన్వర్టర్ ఉత్తగున్నది. ఐదు ఎనిమిదికి తీగకు ఏదో తాకింది. తాకి... ఇడిసిపెట్టలె."

"ఎంతసేపు?"

ఆమె లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. "ఐదు నలభై తొమ్మిది దాకా. నలభై ఒక్క నిమిషం సార్. తర్వాత సున్న. ఎవలో స్విచ్ బందు జేసిండ్రు."

మధ్యలో ఐదు ముప్పై ఒకటికి బంటి వచ్చాడు. రెండుసార్లు హారన్ కొట్టాడు. బ్యాటరీ మార్చుకుని పోయాడు. అప్పటికి ప్రాణం ఉందో లేదో దేవుడికే తెలియాలి. పచ్చ లైటు చూసి దొంగను పట్టుకుందామని వచ్చినవాడు, నలభై అడుగుల దూరంలో, తను పుట్టి పెరిగిన చేలో, తన చేతులతో చేసిన మొదటి బ్యాటరీకి అంటుకుపోయి ఉన్నాడు. ముత్తన్న గట్టు మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో తీగల మీంచి ఎన్ని శవాలను దించాడో లెక్క లేదు. ఈ కేసు ఒప్పుకోకుండా ఉంటే ఎంత బాగుండేది!

"పోలీసోళ్ళకు ఇచ్చేద్దామా సార్?" అంది నిరోష.

"నువ్వు గిది పట్టుకొని గీడనే కూసో. ఎవలకు ఇయ్యకు. నేను సంతకం తెస్త."

ఊళ్ళో భోజన్న ఇంటికి చేరేసరికి మూడయింది. వాకిట్లో అరుగు మీద తిరుపతమ్మ కూర్చుని ఉంది. కొడుకు ఏమయ్యాడని ఆమె అడగలేదు, ముత్తన్న కళ్ళలోకి చూసిందంతే. ఆ చూపు తప్పించుకోవడానికి అతను ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి పోయాడు. అక్కడ ఆగిపోయాడు.

దండెం మీద పెద్ద టార్పాలిన్ పట్టా ఆరేసి ఉంది. పసుపు కొమ్ములు ఆరబోసే పట్టా. ఎంత ఉతికినా ఆ రంగు పోదు. పసుపు తవ్వేది మాఘంలో. నవంబరులో, అదీ చావింట్లో, పసుపు పట్టా ఉతికి ఆరేసే పని ఎవరికుంటుంది? నితీష్ అంగీ వెనక పసుపు ఎక్కడిదో, గుడిసె మూల ఏ వస్తువు లేదో ముత్తన్నకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

బావి గట్టు దగ్గర నితీష్ తల్లి వసంతమ్మ నిలబడి ఉంది. అతను పట్టాను చూడడం ఆమె చూసింది.

"ఒక్కదానివే గుంజినవా చెల్లె?" అన్నాడు ముత్తన్న మెల్లగా.

వసంతమ్మ ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. "సాయంత్రం ఎక్కించుడు ఆయన పని, తెల్లారంగ దించుడు నా పని. కూలోళ్ళు వచ్చేటాల్లకు తియ్యాలె గద అన్నా. నేను పొయ్యి స్విచ్ బందు జేసిన. గట్టు మీద తీగ చుట్టుకుంట వస్తున్న. పంది పడ్డదనుకున్న. దగ్గరికి పోయి సూస్తె..." ఆమె కొంగు అంచు చుట్టి చుట్టి విప్పింది. "నా కొడుకు. సల్లగున్నడు."

"మరి స్టేషన్ కాడికెందుకు..."

"తీగ కట్టింది ఆయన. గిది తెలిస్తె ఆయన ఒక్క రోజు గూడ బతకడు అన్నా. ఇంట్లనే ఉన్నయి డబ్బాలు, చెరుకుకు కొట్టే మందు. మిషన్ చేసింది వాడే గదా, మిషన్ కొట్టి పోయిండంటరు, ఎవల మీదికీ రాదనుకున్న. శ్రీధర్‌ను పట్టుకపోతరని నాకేం ఎరుక?" గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "తిరుపతమ్మ మొఖం సూస్తలేను నేను. సూడబుద్ది అయితలేదు. కాని చెప్పకు అన్నా. నీ కాళ్ళు మొక్కుత. కొడుకు పోయిండు. గీయన గూడ పోతె నేనెవలను సూస్కొని ఉండాలె?"

"నాలుగింటికి శ్రీధర్‌ను తీస్కపోతరు."

"వాడు ఎన్నడన్న ఒకనాడు బయటికొస్తడు. ఆయన పోతె మళ్ళ రాడు."

ముత్తన్న పట్టా అంచు పట్టుకుని వదిలేశాడు. ఇంట్లోంచి భోజన్న గొంతు వినిపించింది. "ఎవలు, ముత్తన్ననా? లోపటికి రా. పేరు దొరికిందా?"

మూడూ ఇరవై. భోజన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, గుండు గీయించుకున్న తల మీద తువ్వాల. వసంతమ్మ గడప దగ్గర నిలబడి ముత్తన్న వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది.

ముత్తన్న కాగితం, పెన్ను తీశాడు. "ముందుగాల శ్రీధర్‌ను బయటికి తేవాలె భోజన్నా. పదిహేడో నంబరు బ్యాటరీ తీస్కపోయింది నువ్వేనా?"

"నేనే. గందుకా వాన్ని పట్టిండ్రు? అరె, నాకెవ్వలు చెప్పకపాయిరి! రాస్కో, భోజన్ననే తీస్కపోయిండని రాస్కో. పాపం గా పిల్లగాడు!" రెండు రోజుల్లో మొదటిసారి ఆ మనిషి ముఖంలో కొంచెం కళ వచ్చింది. ఒకరికైనా మేలు చేస్తున్నానన్న కళ. ముత్తన్న తల వంచుకుని రాసుకున్నాడు.

"దేనికి వాడినవు?"

"మందు పంపుకని చెప్పిన. అబద్ధమే. పందులకు. ఎకరం చెరుకు నమిలి పారేసినయి."

"లైన్ కరెంటు పెట్టలేదెందుకు?"

"లైన్ పెడితె మనుషులు సస్తరు గద ముత్తన్నా!" భోజన్న ఆశ్చర్యంగా చూశాడు. "మీరే చెప్పిరి. జీపుకు మైకు కట్టుకొని ఊరూర తిరిగిరి. లైన్ తీగలు పెట్టకుండ్రి, బ్యాటరీ తీగలు పెట్టుకోండ్రి అని. మైకుల మాట్లాడింది నువ్వే గదా?"

ముత్తన్నే. రిటైరయ్యే ముందు ఏడాది. చేతికిచ్చిన కాగితంలో ఇంకో వాక్యం ఉంది. ఇన్వర్టర్లు బ్యాటరీ కరెంటును లైన్ కరెంటంత చేస్తాయి కాబట్టి వాడరాదు, కంచె కోసం చేసిన చిన్న పెట్టెలే వాడాలి అని. మొదటి రెండు ఊళ్ళలో చదివాడు. ఎండ దంచేస్తోంది, వినేవాడు లేడు. మూడో ఊరి నుంచి ఆ వాక్యం వదిలేశాడు. భోజన్న ఊరు ఎన్నోదో అతనికి గుర్తుకు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చినా ఒరిగేదేమీ లేదు.

"ఇన్వర్టర్ ఎందుకు పెట్టినవు?" అన్నాడు ముత్తన్న.

"గది ఉంటెనే తీగ పొడుగు దాక పోతదని షాపోడు చెప్పిండు. అయినా కరెంటు బ్యాటరీదే గదా. మా నితీష్ ఊళ్ళల్ల గీ బ్యాటరీని రెండు చేతుల పట్టుకొని సూపెట్టెటోడు. సూడుండ్రి, షాక్ కొట్టదు, పసిపిల్లలు పట్టుకున్నా ఏం గాదు అని. వాడు చెప్పినంక నాకు భయమేంది? తీగను నేను సుత పట్టి సూసిన. చిమచిమ అన్నది, గంతే."

"కాళ్ళకేమున్నయి నీకు?"

"బూట్లు. రబ్బరువి. బురదల అవే ఏస్త." భోజన్న చెయ్యి చాపాడు. "ఇటియ్యి, సంతకం పెడ్త."

పెట్టాడు. మూడు ముప్పై ఏడుకు ముత్తన్న ఆ కాగితాన్ని ఫోటో తీసి, నిరోష పంపిన బ్యాటరీ గీతతో కలిపి సీఐకి పంపాడు.

"ఇగ చెప్పు," అన్నాడు భోజన్న. "ఎవలు?"

ముత్తన్న నేల చూశాడు.

"దొరకలేదా?"

ముత్తన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దొరికింది. నీ మొఖమే చెప్తున్నది." అన్నాడు భోజన్న. "గీ పదిహేడు గురించి గిన్ని మాటలెందుకడిగినవు? నా కాళ్ళకు ఏమున్నయని ఎందుకడిగినవు?" ఆయన కళ్ళు మెల్లగా గడప దగ్గరికి పోయాయి. "వసంతా. మొన్న పొద్దుగాల తీగ దించింది నువ్వే గదా?"

వసంతమ్మ గడపను గట్టిగా పట్టుకుంది.

"గప్పుడు చేన్ల ఎవలున్నరు?"

ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. అలాగే జారి గడప మీద కూర్చుంది. భోజన్న తల మీది తువ్వాల తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. ముత్తన్న లేచి ఆయన భుజం మీద చెయ్యి వేయబోయాడు. వేయలేకపోయాడు.

ఫోను మోగింది. భానుప్రసాద్. గొంతులో వెటకారం లేదు. "చూసిన ముత్తన్నా. రిపోర్టు చింపేసిన. శ్రీధర్‌ను వదులుతున్న. కాని కేసు ఉత్తగ పోదు, కంచె పెట్టి మనిషిని చంపుడు ఉన్నది. ఫోటో మసకగున్నది, కాగితం మీద పేరు గాని సంతకం గాని నాకు సరిగ్గ కనవడ్తలేదు. జీపు బయలుదేరింది. పేరేంది?"

గొంతు గట్టిది. గదిలో ముగ్గురికీ వినిపించింది. ముత్తన్న భోజన్న వైపు చూశాడు.

భోజన్న చెయ్యి చాపి అతని చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. చెవి దగ్గర తిన్నగా పెట్టుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"సారూ, నేను నితీష్ బాపును మాట్లాడుతున్న. శ్రీధర్‌ను జర జల్ది పంపుండ్రి, ఆల్ల అవ్వ మా వాకిట్ల కూసున్నది. పేరు రాసుకోండ్రి. భోజన్న."